చర్చ: 'మార్క్ ఆఫ్ యాన్ ఏంజెల్'లో లోలా ఎవరి దగ్గర ఉండాలి?

గోదారిగట్టు:
2008లో వచ్చిన ఫ్రెంచ్ సినిమా. దర్శకుడు సఫీ నెబ్బూ. ముగింపుతో సహా చెప్పేస్తున్నాను కాబట్టి చూడనివాళ్లు ఇక్కడే ఆగండి.

ఎల్సా (కాథరిన్ ఫ్రో) పురిటి బిడ్డను ఆస్పత్రి అగ్నిప్రమాదంలో పోగొట్టుకుంది. ఏడేళ్ల తర్వాత కొడుకును ఎవరి బర్త్‌డే పార్టీ నుంచో ఇంటికి తీసుకురావడానికి వెళ్లి, అక్కడ లోలా అనే పాపను చూస్తుంది. చూసిన క్షణం నుంచి 'ఇది నా కూతురే' అని పట్టు పడుతుంది. లోలాను పెంచుతున్న తల్లి క్లేర్ (సాండ్రిన్ బొనేర్). వాళ్ల ఇల్లు అమ్మకానికి ఉందని తెలిసి, కొనేదానిలా ఎల్సా ఆ ఇంట్లో అడుగుపెడుతుంది. ఇక అక్కడి నుంచి పాప చుట్టూ తిరగడమే. సినిమాలో చాలాసేపు ఈమెకు మతి చలించిందనే అనుకుంటాం. చివరికి ఆమె అన్నదే నిజమవుతుంది. ఆ ప్రమాదం రాత్రి క్లేరే ఆ బిడ్డను తన బిడ్డగా తీసుకెళ్లిపోయింది.

నా మాట ఒకటే. లోలా క్లేర్ దగ్గరే ఉండాలి. ఏడేళ్లు జ్వరాలకూ దగ్గులకూ రాత్రుళ్లు మేలుకున్నది క్లేర్. రక్తం ఒకటేనని తేలినంత మాత్రాన పసిపిల్ల బతుకును తలకిందులు చేసే హక్కు ఎవరికీ రాదు. పైగా పరాయి ఇంటి చుట్టూ కాపు కాసే మనిషిని నమ్మి పిల్లను ఎలా అప్పగిస్తాం?

వరంగల్ అక్క:
ఎత్తుకుపోయినామె తల్లి, పోగొట్టుకున్నామె కాపు కాసే మనిషా? ఇదేం న్యాయం తమ్ముడూ?

లాజిక్ కావాలి:
నాకు కథ దగ్గరే అడ్డం పడింది. పుట్టగానే బిడ్డ చేతికి పేరున్న ట్యాగ్ కడతారు. అది ఏమైంది? పోనీ, అనుమానం వచ్చిన రోజే డీఎన్ఏ టెస్ట్ చేయిస్తే సినిమా అరగంటలో అయిపోయేది.

లియోన్ తెలుగు:
ఇక్కడ ఫ్రాన్స్‌లో మన ఇష్టానికి ల్యాబ్‌కు వెళ్లి బంధుత్వం తేల్చే డీఎన్ఏ టెస్ట్ చేయించుకోవడం నేరం. జడ్జి ఆదేశం ఉండాలి. ఎల్సా అప్పటికే విడాకుల గొడవలో ఉంది, కొడుకు ఎవరి దగ్గర ఉండాలన్న తగువు నడుస్తోంది. ఆ సమయంలో కోర్టుకెక్కి 'ఎవరి ఇంట్లోనో పెరుగుతున్న పాప నా కూతురు, ముఖం చూస్తే తెలిసింది' అంటే కొడుకు కూడా చేజారిపోతాడు. ఆమె నోరు మెదపకుండా దొంగచాటుగా తిరగడానికి ఇదీ ఒక కారణమని నాకనిపించింది.

లాజిక్ కావాలి:
సరే, డీఎన్ఏ వదిలేద్దాం. ట్యాగ్ గురించి ఎవరూ చెప్పలేదు.

తెరముందు:
దీన్నే 2019లో 'ఏంజెల్ ఆఫ్ మైన్' అని ఆస్ట్రేలియాలో మళ్లీ తీశారు, నూమీ రపాస్ వేసింది. నాకైతే పాతదే నచ్చింది. ఫ్రో ముఖం చూస్తుంటే జాలిపడాలో భయపడాలో తెలియదు.

వరంగల్ అక్క:
ఇది సినిమా కాబట్టి ఇలా జరిగిందనేవాళ్లు ఫిలడెల్ఫియా కేసు చదవండి. 1997 డిసెంబర్‌లో ఒక ఇల్లు అంటుకుంది. పది రోజుల పసిపాప పూర్తిగా కాలిపోయిందని అధికారులు తేల్చేశారు. తల్లి మాత్రం పొగలోంచే ఆ గదిలోకి వెళ్లి చూశాను, ఉయ్యాల ఖాళీగా ఉంది, కిటికీ తెరిచి ఉంది అని మొత్తుకుంది. ఎవరూ పట్టించుకోలేదు. 2004లో ఒక బర్త్‌డే పార్టీలో ఆరేళ్ల పాపను చూసింది. బుగ్గన సొట్టను బట్టి గుర్తుపట్టింది. జుట్టుకు చూయింగ్ గమ్ అంటుకుందని చెప్పి, తీస్తున్నట్టు నాలుగు వెంట్రుకలు తెంపి దాచుకుంది. ఒక ప్రజాప్రతినిధి చేత పోలీసులకు చెప్పించింది. డీఎన్ఏ కలిసింది, పాపను తల్లికి అప్పగించారు. ఎత్తుకెళ్లిన ఆమెకు 2005లో 9 నుంచి 30 ఏళ్ల శిక్ష పడింది.

ఆ తల్లి వెంట్రుకలు దొంగిలించింది కాబట్టి ఆమె కూడా కాపు కాసే మనిషేనా? అన్ని ఏళ్లు ఆమె మాట ఎందుకు వినలేదో ముందు చెప్పు.

గోదారిగట్టు:
మీరు అమెరికా కేసు చెప్పారు, నేను సినిమా పుట్టిన దేశం కేసే చెబుతాను. 1994లో కాన్ నగరంలో ఒక క్లినిక్‌లో ఇద్దరు ఆడపిల్లలు మారిపోయారు. కామెర్ల చికిత్స కోసం ఒకేచోట పడుకోబెట్టి, తిరిగి ఇచ్చేటప్పుడు తారుమారు చేశారు. పిల్లలకు పదేళ్లు వచ్చాక, తండ్రి పోలిక లేదన్న అనుమానంతో టెస్ట్ చేస్తే బయటపడింది. రెండు కుటుంబాలూ కలుసుకున్నాయి. కానీ ఎవరి పెంపకంలో ఉన్న పిల్లను వాళ్లే ఉంచుకున్నారు. 2015లో గ్రాస్ కోర్టు వాళ్లకు దాదాపు 19 లక్షల యూరోల పరిహారం ఇవ్వమంది. కన్నవాళ్లు ఎవరో తెలిశాక కూడా ఆ తల్లులు పిల్లల్ని మార్చుకోలేదు. నేను చెబుతున్నది అదే.

లాజిక్ కావాలి:
చూశారా, అక్కడ కూడా ట్యాగ్‌లు ఉండే ఉంటాయి కదా, అయినా మారారు. అంటే సినిమాలో తప్పు లేదన్నమాట. కానీ ఒక్క డైలాగ్‌తో చెప్పాల్సింది.

వరంగల్ అక్క:
కాన్‌లో ఎవరూ ఎత్తుకుపోలేదు. ఇద్దరు తల్లులకూ అన్యాయం జరిగింది, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని నిర్ణయించుకున్నారు. క్లేర్‌కు మొదటి రోజు నుంచి తెలుసు. ఎల్సా తన ఎదుట నిలబడి అడిగినా, పిచ్చిదానివని గెంటేసింది. రెండూ ఒకటెలా అవుతాయి?

పెదబాలశిక్ష:
దేవకి కన్నది, యశోద పెంచింది. కృష్ణుణ్ణి మనం యశోద బిడ్డ అనే పాడుకుంటాం.

వరంగల్ అక్క:
యశోదకు బిడ్డ మారిన సంగతే తెలియదండీ. దేవకికి తన బిడ్డ బతికే ఉన్నాడని తెలుసు. ఆ ఒక్క సంగతి తెలిసినా ఎల్సా అట్లా అయ్యేది కాదు.

గోదారిగట్టు:
అక్కా, నేను తమ్ముణ్ణి కాదు, ఆడదాన్నే. ఇంకోమాట. పిల్లను పెంచడం అంటే ఏమిటో తెలిసినవాళ్లు ఇంత తేలిగ్గా 'తీసుకెళ్లి అప్పగించండి' అనరు. కన్నామని చెప్పుకోవడానికి ఒక్క రోజు చాలు.

వరంగల్ అక్క:
ఒక్క రోజా? సరే, విను అయితే.

నాకు తొలికాన్పులో నెలలు నిండాక బిడ్డ పోయింది. ఏ ఆస్పత్రో ఇక్కడ చెప్పను. ఆడపిల్ల అన్నారు. పచ్చగుడ్డలో చుట్టి తీసుకుపోతుంటే ఒక పాదం కనిపించింది, అంతే. చూపించమని అడిగితే మా అత్తమ్మ, మా అమ్మ ఇద్దరూ 'చూస్తే మరిచిపోలేవు, వద్దు' అన్నారు. నేను మంచం దిగకముందే మగవాళ్లు తీసుకుపోయి పాతిపెట్టి వచ్చారు. ఎక్కడో నేటికీ నాకు తెలియదు. మూడోరోజుకు పాలు పడ్డాయి. ఆగిపోవాలని రొమ్ములకు మల్లెపూలు కట్టారు. ఆ వాసన ఇప్పటికీ నాకు పడదు. ఏడిస్తే 'ఇంకొకరు పుడతారులే' అన్నారు, రెండేళ్లకు బాబు పుట్టాడు కూడా. అయినా బజారులో ఆ వయసు పిల్ల కనపడితే ముఖం చూడకుండా ఉండలేను. నేను ఎవరి ఇంటికీ వెళ్లలేదు, ఎవరినీ వెంబడించలేదు. కానీ ఎల్సా ఎందుకు వెళ్లిందో నాకు తెలుసు. కళ్లారా చూడని చావును మనసు ఒప్పుకోదు.

తెరముందు:
అక్కా, ఏమనాలో తెలియడం లేదు.

లియోన్ తెలుగు:
ఇక్కడ ఆస్పత్రుల్లో ఇప్పుడు అలాంటి తల్లులను బిడ్డను చూస్తారా, ఎత్తుకుంటారా అని అడుగుతారు, పేరు కూడా నమోదు చేసుకోవచ్చు. మన దగ్గరా అడగాలి.

గోదారిగట్టు:
మీకు బిడ్డను చూపించాల్సింది. అందులో రెండో మాట లేదు. చూపించకపోవడం తప్పే.

కానీ నా సంగతీ వినండి. మాకు పిల్లలు లేకపోతే మా తోడికోడలు తన మూడో పిల్లను పురిట్లోనే మాకు ఇచ్చింది. అందరూ కూర్చుని, ఇష్టంగానే. దత్తత రిజిస్టర్ చేయించాం. 1956 చట్టం ప్రకారం చెల్లిన దత్తతను ఎవరూ రద్దు చేసుకోలేరని లాయరు చెప్పాడు. అయినా ఏం లాభం? ప్రతి సంక్రాంతికీ ఆమె వస్తుంది, పిల్ల జడ విప్పి మళ్లీ తనే వేస్తుంది, 'అచ్చం మా పెద్దదాని జుట్టే' అంటుంది. పిల్ల ఆమెను పెద్దమ్మ అంటుంది. నేను వంటింట్లో నిలబడి వింటుంటాను. ఆమె వెళ్లేదాకా నాకు అన్నం సహించదు.

ఈ సినిమాలో ఎల్సా చెప్పింది నిజమైంది కాబట్టి మీరంతా ఆమె వైపు ఉన్నారు. నిజం కాకపోతే? ఎవరో ఒకామె వచ్చి ముఖం చూడగానే తెలిసింది అంటే, నాలాంటి ఇంట్లో తలుపు తీయాలా? అలా తిరిగేవాళ్లలో ఎక్కువమంది పొరబడే ఉంటారు. రచయితలు సరైన ఒక్కామెను ఏరి కథ రాశారు. చివర్లో రుజువు వచ్చింది కదా అని, అంతకుముందు ఆమె చేసినవన్నీ ఒప్పయిపోతాయా?

వరంగల్ అక్క:
నిజం కాకపోతే నిజం కాదని తేల్చి చెప్పాలి. ఎల్సా అడిగింది అంతే. ఆమె పిల్లను ఇమ్మనకముందు తన మాట వినమన్నది. ఇంట్లోవాళ్లు వినలేదు, క్లేర్ వినలేదు. ఎవరో ఒకరు విని ఉంటే ఆమె ఆ ఇంటి చుట్టూ ఎందుకు తిరుగుతుంది?

నీది వేరు చెల్లీ. నువ్వు ఎత్తుకుపోలేదు, వాళ్లే ఇచ్చారు. మరి క్లేర్‌ను ఎందుకు వెనకేసుకొస్తున్నావు?

గోదారిగట్టు:
వెనకేసుకు రావడం లేదు. క్లేర్ చేసింది నేరం, జైలుకు పంపాలంటే పంపండి. నేను లోలా గురించి అడుగుతున్నాను. ఏడేళ్ల పిల్లకు తల్లి అంటే రాత్రి లేచినప్పుడు ఎవరు వస్తారో ఆమె.

వరంగల్ అక్క:
లోలాకు నిజం చెప్పాలా వద్దా? ఎక్కడ ఉండాలన్నది ఆ తర్వాతి మాట. దీనికి జవాబు చెప్పు.

గోదారిగట్టు:
చెప్పాలి. కానీ ఏడేళ్లకు కాదు.

వరంగల్ అక్క:
మీ పాపకు చెప్పారా?

గోదారిగట్టు:
లేదు. పదో తరగతి అయ్యాక చెబుదామని మా ఆయన అంటారు.

వరంగల్ అక్క:
అప్పటిదాకా ఏ పెళ్లిలోనో, ఏ పేరంటంలోనో ఎవరో ఒకరు నోరు జారకుండా ఉంటారా? మీ తోడికోడలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మీరే చెప్పండి. నీకు ఆ కడుపుకోత తగ్గుతుంది, ఆమెకూ తగ్గుతుంది.

గోదారిగట్టు:
ఆమెకు తగ్గుతుందేమో. నాకు తగ్గుతుందని మీరు ఎలా చెప్పగలరు? చెప్పిన మర్నాడు పిల్ల నన్ను ఎలా చూస్తుందో మీకు తెలియదు, నాకూ తెలియదు. అందుకే క్లేర్ ఏడేళ్లు నోరు విప్పలేదంటే నాకు ఆశ్చర్యం లేదు.

వరంగల్ అక్క:
క్లేర్ భయపడింది శిక్షకు. నువ్వు భయపడుతున్నది పిల్లకు. పిల్లను నమ్ము చెల్లీ, పదో తరగతి దాకా ఆగకు.