ఒక్కో ఐపీ బ్యాండ్‌విడ్త్ లెక్క: ఫైర్‌వాల్ కౌంటర్లా, ఫ్లో రికార్డులా?

గోదారిగట్టు:
ఒకే లినక్స్ సర్వర్, ఒకే నెట్‌వర్క్ కార్డు, దాని మీద 60 ఐపీలు. ఒక్కో ఐపీ ఒక్కో కస్టమర్‌ది. నెలకి ఎవరెంత వాడారో తేల్చి బిల్లు వెయ్యాలి. ట్రాఫిక్ లెక్కేసే వీఎన్‌స్టాట్ టూల్ మొత్తం కార్డు లెక్కే ఇస్తోంది. లినక్స్ ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్ కౌంటర్లు చాలా, ఒక్కో కనెక్షన్‌కీ (ఫ్లో) విడిగా రికార్డు రాసే నెట్‌ఫ్లో కావాలా?

రూట్‌రాజు:
ఐపీటేబుల్స్ చాలండి. వీఎన్‌స్టాట్ చదివేది ఇంటర్‌ఫేస్ కౌంటర్లని, కాబట్టి ఎన్ని అలియాస్‌లు (అదే కార్డు మీద అదనపు ఐపీలు) పెట్టినా అన్నీ ఒకే ఖాతాలో పడతాయి. ఐపీకి రెండు రూల్స్ రాయండి: ఇన్‌పుట్ చైన్‌లో (సర్వర్‌కి వచ్చే ప్యాకెట్ల రూల్స్ వరస) -డీ, అంటే గమ్యం ఐపీ; అవుట్‌పుట్ చైన్‌లో (బయటికి పోయే ప్యాకెట్లది) -ఎస్, అంటే మూలం ఐపీ. -జే (టార్గెట్, అంటే ప్యాకెట్‌ని ఏం చెయ్యాలో) ఇవ్వొద్దు. టార్గెట్ లేని రూల్ బైట్లు లెక్కేసి ప్యాకెట్‌ని కిందికి వదిలేస్తుంది, అంతే.

చాలామంది దెబ్బతినేది రూల్స్ వరసలో. ఎస్టాబ్లిష్డ్ (ఇప్పటికే మొదలైన) కనెక్షన్లని యాక్సెప్ట్ చేసే రూల్ మీ కౌంటర్లకి పైన ఉందంటే ట్రాఫిక్ దాదాపు అంతా అక్కడే తేలిపోతుంది, మీ లెక్కలోకి కొత్త కనెక్షన్ల మొదటి ప్యాకెట్లే వస్తాయి. లెక్కింపు రూల్స్ అన్నిటికన్నా పైన ఉండాలి. చదివేటప్పుడు -ఎల్ -వీ -ఎన్ తో పాటు -ఎక్స్ తప్పనిసరి, లేకపోతే బైట్లని రౌండ్ చేసి కే, ఎం, జీ అని చూపిస్తుంది.

ఫ్లోపక్షం:
నెలాఖరు మొత్తానికైతే ఒప్పుకుంటా. కానీ కస్టమర్ ఫోన్ చేసి "మంగళవారం రాత్రి అంత ట్రాఫిక్ ఎవరు లాగారు?" అంటే కౌంటర్ ఏం చెబుతుంది? ఫ్లో రికార్డులు తయారుచేసే సాఫ్ట్‌ఫ్లోడీ నుంచి వాటిని దాచే ఎన్‌ఎఫ్‌క్యాప్‌డీకి పంపండి, 5 నిమిషాలకో ఫైలు పడుతుంది, ఎన్‌ఎఫ్‌డంప్‌తో అవతలి ఐపీ, పోర్టు, సమయం అన్నీ తీయొచ్చు. బిల్లు మీద గొడవ వస్తే చేతిలో ఆధారం ఉండాలి. పైగా డాకర్ (ప్రోగ్రాంలని కంటెయినర్లనే విడి పెట్టెల్లో నడిపే టూల్) ఉంటే కంటెయినర్ల ట్రాఫిక్ ఫార్వర్డ్ చైన్‌లో (సర్వర్ గుండా దాటిపోయే ప్యాకెట్లది) పోతుంది, ఇన్‌పుట్‌లో పెట్టిన రూల్‌కి అది కనపడనే కనపడదు.

రూట్‌రాజు:
డాకర్ మాట నిజమే, అప్పుడు మ్యాంగిల్ టేబుల్‌లో ప్రీరౌటింగ్, పోస్ట్‌రౌటింగ్‌లో (ప్యాకెట్ దారి తేలకముందు, తేలాక వచ్చే చైన్లు) లెక్కించాలి. అక్కడ కూడా డీనాట్, ఎస్‌నాట్ (గమ్యం ఐపీని, మూలం ఐపీని మార్చడం) ఏ దశలో జరుగుతాయో చూసుకోవాలి. కానీ ఫ్లోలో ఒక చిక్కు మీరు చెప్పలేదు. ఆరు గంటల బ్యాకప్ ఒకే ఫ్లో. యాక్టివ్ టైమ్‌అవుట్ (నడుస్తున్న ఫ్లో రికార్డుని ఎంతసేపటికి పంపాలో) 60 సెకన్లకి తగ్గించకపోతే గంటల ట్రాఫిక్ ఏదో ఒక 5 నిమిషాల గడిలో గుట్టగా పడొచ్చు. 95వ పర్సంటైల్ బిల్లింగ్‌కి (నెల రీడింగుల్లో పై 5 శాతం వదిలేసి, మిగిలిన వాటిలో అన్నిటికన్నా పెద్దదానికి బిల్లు) ఆ గ్రాఫ్ పనికిరాదు.

కెర్నల్‌కాపరి:
ఇద్దరూ వదిలేసింది ఒకటుంది. టీఎస్‌ఓ (పెద్ద ప్యాకెట్‌ని ముక్కలు చేసే పని నెట్‌వర్క్ కార్డుకి వదలడం) ఆన్‌లో ఉంటే అవుట్‌పుట్ చైన్ చూసేది కార్డు ముక్కలు చెయ్యకముందు ప్యాకెట్‌ని, 64 కేబీ దాకా, హెడర్ ఒక్కసారే. తీగ మీద మాత్రం ప్రతి 1448 బైట్ల డేటాకీ 52 బైట్ల ఐపీ, టీసీపీ హెడర్లు, 18 బైట్ల ఈథర్నెట్ ఫ్రేమింగ్ కలిసి 1518 అవుతాయి. పెద్ద ఫైళ్లిచ్చే సర్వర్‌లో స్విచ్ పోర్టు లెక్క మీ లెక్కకన్నా దాదాపు 4.8 శాతం ఎక్కువ చూపిస్తుంది. సాఫ్ట్‌ఫ్లోడీ అదే సర్వర్ మీద నడిస్తే దానికీ ఇదే గతి. కాబట్టి డేటాసెంటర్ బిల్లు స్విచ్ ప్రకారం వస్తే, ఐపీ కౌంటర్లని నిష్పత్తి తీయడానికే వాడండి. స్విచ్ మొత్తాన్ని ఆ నిష్పత్తిలో పంచండి.

గోదారిగట్టు:
ఫైర్‌వాల్ రీలోడ్ చేస్తే కౌంటర్లు సున్నా అవుతున్నాయి కదండీ?

కెర్నల్‌కాపరి:
అవుతాయి. అందుకే 5 నిమిషాలకోసారి చదివి, పాత రీడింగ్‌తో తేడాని డేటాబేస్‌లో కూడండి. కొత్త అంకె పాతదానికన్నా తక్కువొస్తే మధ్యలో రీసెట్ అయినట్టే, కొత్త అంకెనే తేడాగా తీసుకోండి. చదివి, విడిగా -జెడ్ (కౌంటర్లని సున్నా చేసేది) కొట్టడం వద్దు, ఆ రెండిటి మధ్య పోయిన బైట్లు దక్కవు. 60 ఐపీలంటే 120 రూల్స్, ప్రతి ప్యాకెట్ తన దిక్కు 60 రూల్స్‌నీ వరసగా దాటాలి. ఐపీటేబుల్స్ తర్వాత వచ్చిన ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో ఐపీల జాబితా (సెట్) చేసి ప్రతి ఐపీకీ కౌంటర్ పెడితే దిక్కుకో రూల్ సరిపోతుంది.

ఫ్లోపక్షం:
ఐపీవీ6 కూడా ఉంటే ఒక్కో చిరునామాకి లెక్క పెట్టకండి, కస్టమర్‌కిచ్చిన /64 (చిరునామాల బ్లాక్) మొత్తానికి పెట్టండి. ఐపీటేబుల్స్ రూల్స్ దానికి వర్తించవు, ఐపీ6టేబుల్స్‌లో విడిగా రాయాలి. బిల్లు నిష్పత్తితో వేసినా ఫ్లో ఫైళ్లు కనీసం ఒక బిల్లింగ్ నెల ఉంచండి. ఆ మంగళవారం ప్రశ్న తప్పకుండా వస్తుంది.