క్యాటలిస్ట్ 9300కి రెండో పవర్ సప్లై: రన్నింగ్‌లోనే పెట్టేయొచ్చా?

ఫ్లోర్‌స్విచ్_3

స్విచ్ సిస్కో క్యాటలిస్ట్ 9300-48పీ, నెట్‌వర్క్ కేబుల్ మీదే కరెంటు కూడా ఇచ్చే (పీఓఈ) రకం. ఇప్పుడు 715 వాట్ల ఏసీ సప్లై ఒక్కటే ఉంది, రెండో స్లాట్‌కి బ్లాంక్ (ఖాళీ మూత) బిగించి ఉంది. దీని మీద 30 ఐపీ ఫోన్లు (పీఓఈ క్లాస్ 2, క్లాస్ అంటే పరికరానికి ఎన్ని వాట్లు కేటాయించాలో చెప్పే తరగతి), 4 కెమెరాలు (క్లాస్ 3), 4 యాక్సెస్ పాయింట్లు (క్లాస్ 4) నడుస్తున్నాయి. ఇంకో 4 యాక్సెస్ పాయింట్లు వస్తున్నాయని ఇంకో 715 తెప్పించాం.

ర్యాక్‌లో 1 కేవీఏ ఆన్‌లైన్ యూపీఎస్ ఉంది, దాని మీద ఈ స్విచ్ తప్ప వేరే లోడ్ లేదు. పాత సప్లైని యూపీఎస్ మీదే ఉంచి, కొత్తదాన్ని రా పవర్‌కి (యూపీఎస్ లేని నేరు కరెంటుకి) ఇద్దామని ప్లాన్. పగలు, ఆఫీసు నడుస్తుండగా పెట్టొచ్చా? పెట్టాక రిడండెన్సీ (ఒకటి పోయినా రెండోదే మొత్తం నడపడం) వచ్చేసినట్టేనా, కాన్ఫిగ్‌లో ఏమైనా చెయ్యాలా?

కార్డ్_ముందు_తీయ్

పెట్టొచ్చు, స్విచ్ ఆపక్కర్లేదు. వరస మాత్రం తప్పకూడదు. పెట్టేటప్పుడు ముందు మాడ్యూల్ (పవర్ సప్లై), తర్వాత కార్డ్ (పవర్ కేబుల్). తీసేటప్పుడు ముందు కార్డ్, తర్వాత మాడ్యూల్.

పెట్టే ముందు రెండు చూడండి. కొత్త మాడ్యూల్ వెనక కనెక్టర్‌లో దుమ్ము గానీ వంగిన పిన్ను గానీ ఉందా, సాకెట్ వైపు స్విచ్ ఆఫ్‌లో ఉందా. ఈఎస్‌డీ స్ట్రాప్ (ఒంట్లోని స్టాటిక్ చార్జ్ వదిలించే మణికట్టు పట్టీ) ఛాసిస్ మీద రంగు లేని మెటల్‌కి తగిలించండి. బ్లాంక్ తీశాక స్లాట్‌లో వేలు, స్క్రూడ్రైవర్ ఏదీ పెట్టొద్దు, అవతల బస్ (సప్లైల కరెంటు కలిసే లైను) లైవ్‌లో ఉంటుంది. తీసిన బ్లాంక్ పారేయకండి, రేపు ఈ మాడ్యూల్ వేరేచోటికి వెళ్తే అదే కావాలి.

ఒక చేత్తో హ్యాండిల్, రెండో చెయ్యి కింద ఆసరా. నిటారుగా, ఆగకుండా, లాచ్ క్లిక్ అనేదాకా నెట్టండి. తర్వాత హ్యాండిల్ పట్టి కొంచెం వెనక్కి లాగి చూడండి, కదలకూడదు. ఇలాంటి సప్లైల కనెక్టర్‌లో పిన్నులన్నీ ఒకే పొడవు ఉండవు. ఎర్త్ ముందు తగులుతుంది, తర్వాత పవర్, అన్నిటికన్నా పొట్టి పిన్ను ఆఖర్న తగిలి మాడ్యూల్ పూర్తిగా కూర్చుందని చెబుతుంది. అప్పుడే అవుట్‌పుట్ ఆన్ అవుతుంది. సగం నెట్టి "చాల్లే" అని వదిలేస్తే ఆ పొట్టి పిన్ను తగిలీ తగలక ఉండిపోతుంది. అది కాసేపు పనిచేసి కాసేపు మానేసే రకం ఫాల్ట్, పట్టుకోవడం చాలా కష్టం.

తర్వాత కార్డ్ గుచ్చి, రిటైనర్ బిగించి, సాకెట్ ఆన్ చెయ్యండి. ఏసీ ఓకే, పీఎస్ ఓకే రెండూ పచ్చగా రావాలి. ఏసీ ఓకే పచ్చ, పీఎస్ ఓకే ఎరుపు అంటే ఇన్‌పుట్ ఉంది, అవుట్‌పుట్ ఫెయిల్. కార్డ్ తీసి, మాడ్యూల్ తీసి మళ్ళీ ఒకసారి కూర్చోబెట్టి చూడండి. అయినా ఎరుపే అంటే మాడ్యూల్ వెనక్కి పంపడమే.

లైట్లు చూసి వదిలేయకండి. "షో ఎన్విరాన్‌మెంట్ పవర్ ఆల్" కొడితే 1ఏ (పాత సప్లై), 1బీ (కొత్తది) రెండు వరసలూ ఓకే, గుడ్, గుడ్, 715 అని కనబడాలి. కార్డ్ పెట్టకముందు ఇదే కమాండ్ కొడితే 1బీ దగ్గర నో ఇన్‌పుట్ పవర్ అని వస్తుంది. నాట్ ప్రెజెంట్ అనే వస్తుంటే మాడ్యూల్ సరిగ్గా కూర్చోలేదన్నమాట.

ర్యాక్‌మౌంట్_రాజు

బ్రో, హాట్ స్వాప్ అంటేనే అలా నెట్టేయడానికి. కార్డ్ ఉంటే ఏంటి లేకపోతే ఏంటి, లోపల ప్రొటెక్షన్ ఉంటుంది. ఐదు నిమిషాల పని.

కార్డ్_ముందు_తీయ్

@ర్యాక్‌మౌంట్_రాజు ప్రొటెక్షన్ ఉన్న మాట నిజమే. ఒక సప్లై అవుట్‌పుట్ షార్ట్ అయినా అది బస్‌ని కిందకి లాగకుండా ఓరింగ్ సర్క్యూట్ ఆపుతుంది. అది స్విచ్‌ని కాపాడేందుకు. కార్డ్ ముందు తీయమనేది మీ చేతికోసం, కనెక్టర్ కోసం. ఏసీ సప్లై లోపల పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ సరిచేసే భాగం) తర్వాత కెపాసిటర్ల మీద దాదాపు 400 వోల్టుల డీసీ ఉంటుంది. కార్డ్ తీశాక లైట్లు ఆరేదాకా ఆగి అప్పుడు లాగండి. మాడ్యూల్ మూత మాత్రం ఎప్పుడూ విప్పొద్దు.

వాట్_లెక్క

పెట్టడం సంగతి పైన వచ్చేసింది. అసలు చిక్కు రెండో ప్రశ్నలో ఉంది. మీ ప్లాన్‌లో రిడండెన్సీ రాదు.

48పీలో ఒక 715తో పీఓఈకి దొరికేది 437 వాట్లు. మిగతా 278 స్విచ్ తన కోసం పక్కన పెట్టుకుంటుంది. ఇప్పుడు మీ లోడ్: ఫోన్లు 30 × 7 = 210, కెమెరాలు 4 × 15.4 = 61.6, యాక్సెస్ పాయింట్లు 4 × 30 = 120. మొత్తం 391.6, 437లో పడుతుంది. ఇంకో నాలుగు వచ్చాక 511.6. రెండు సప్లైలుంటే బడ్జెట్ 1152 అవుతుంది కాబట్టి అన్నీ లేస్తాయి, అందరూ హ్యాపీ. ఒక సప్లై పోయిన రోజు మళ్ళీ 437, అంటే 74.6 వాట్లు తక్కువ.

ఎందుకంటే డిఫాల్ట్ మోడ్ పవర్ షేరింగ్. స్టాక్‌పవర్ కేబుల్ (స్విచ్‌లు ఒకదానితో ఒకటి కరెంటు పంచుకునే కేబుల్) లేకపోయినా ఈ ఒక్క స్విచ్చే ఒక పవర్ స్టాక్ అని లెక్క. "షో స్టాక్-పవర్" కొట్టి చూడండి, మోడ్ అక్కడ కనబడుతుంది. ఈ మోడ్‌లో రెండు సప్లైలనీ కలిపి ఒకే కుండలో పోసి పంచేస్తుంది, దేన్నీ రిజర్వ్‌లో ఉంచదు. నాన్-స్ట్రిక్ట్ కాబట్టి బడ్జెట్ దాటినా, నిజంగా లాగే కరెంటు హద్దులో ఉన్నంతసేపు నెట్టుకొస్తుంది. క్లాస్ 4 అన్నా యాక్సెస్ పాయింట్ ఎప్పుడూ 30 లాగదు కదా. కానీ జనం నిండిన పగటిపూట అది గ్యారంటీ కాదు. దాటిందంటే లో ప్రయారిటీ పోర్టుల నుంచి కోత మొదలవుతుంది, మొదట్లో అన్ని పోర్టులూ లోలోనే ఉంటాయి.

ఇంకా అసలు విషయం చెప్పలేదు. కొత్తది రా పవర్ మీద అన్నారు. మన దగ్గర సప్లై మాడ్యూల్ పోవడం ఎప్పుడో గానీ జరగదు, కరెంటు పోవడం అలా కాదు. కరెంటు పోయిన ప్రతిసారీ బీ సప్లై చచ్చినట్టే, జనరేటర్ అందుకునేదాకా మొత్తం లోడ్ యూపీఎస్ మీదున్న ఏ మీద పడుతుంది. అంటే ఏడాదికొకసారి రావాల్సిన పరిస్థితి ఎండాకాలంలో రోజూ వస్తుంది.

ఇక ఆ యూపీఎస్. 1 కేవీఏ, పవర్ ఫ్యాక్టర్ 0.8 అనుకుంటే 800 వాట్లు. సప్లై 715 నిండా ఇస్తుంటే, 90 శాతం ఎఫిషియెన్సీతో గోడ నుంచి లాగేది దాదాపు 795. అంచు మీద నిలబడ్డట్టే. ఓవర్‌లోడ్ అయితే బ్యాటరీ మీద బైపాస్ (లోడ్‌ని నేరుగా మెయిన్స్‌కి మళ్ళించడం) కూడా ఉండదు, నేరుగా ఆఫ్.

ఫ్లోర్‌స్విచ్_3

@వాట్_లెక్క గారూ, ఈ కోణంలో చూడలేదు. మరి కొత్త 715 వెనక్కిచ్చి 1100 తెప్పిస్తే? 715 + 1100 ఉంటే సరిపోదా?

వాట్_లెక్క

అక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. రిడండెంట్ మోడ్ పెడితే స్విచ్ పక్కన పెట్టేది పెద్ద సప్లైని. అంటే 1100 రిజర్వ్‌లోకి వెళ్ళి, మీకు మిగిలేది 715, అంటే మళ్ళీ అదే 437. మోడ్ మార్చకపోయినా తేడా లేదు, 1100 పోయిన రోజు మిగిలేది 715యే. రిడండెన్సీ కావాలంటే రెండూ 1100 ఉండాలి. అప్పుడు ఒక్కదాని మీద పీఓఈకి 822 వస్తుంది, మీ 511.6కి బాగా చాలు.

ఖర్చు వద్దనుకుంటే వేరే దారి: మూడు యాక్సెస్ పాయింట్లని పక్క స్విచ్ మీదకో, ఇంజెక్టర్ల (విడిగా పీఓఈ ఇచ్చే అడాప్టర్ల) మీదకో మార్చండి. 421.6కి వస్తుంది, రెండు 715లతోనే రిడండెంట్ మోడ్ నిలబడుతుంది. నేనైతే ముందు ఇది చూస్తాను.

అదీ కుదరకపోతే కోత ఎక్కడ పడాలో మీరే చెప్పండి. ముఖ్యమైన పోర్టులకి "పవర్ ఇన్‌లైన్ పోర్ట్ ప్రయారిటీ హై" పెట్టి, మిగతావి లోలో వదిలేయండి. కెమెరాలు ఉండాలా వైఫై ఉండాలా అన్నది ఆఫీసు వాళ్ళని అడిగి రాసి పెట్టుకోండి, తర్వాత మాట పడకుండా.

యూపీఎస్ మాత్రం ఏ దారిలోనైనా 2 కేవీఏ చెయ్యండి. 1100లు పెడితే ఒక్కోటి నిండా లాగినప్పుడు 230 వోల్టుల దగ్గర 5.3 ఆంపులు. 6 ఆంపుల సాకెట్‌లో గుచ్చొద్దు, 16 ఆంపులది వేయించండి.

ఎర్త్‌పిట్

కరెంటు వైపు నుంచి నాలుగు మాటలు.

రా పవర్ లైన్‌కి వేరే ఎంసీబీ, వేరే వైరు. యూపీఎస్ ఇన్‌పుట్‌కీ దీనికీ ఒకే ఎంసీబీ అయితే రెండు దారులు పేరుకే. వేరే ఫేజ్ నుంచి తెచ్చినా సప్లైలకి ఇబ్బంది లేదు, ఇన్‌పుట్‌లు విడివిడిగా ఐసొలేటెడ్. కానీ అప్పుడు ఒకే ర్యాక్‌లో రెండు ఫేజుల మధ్య 415 వోల్టులుంటాయి, పీడీయూల (ర్యాక్‌లోని ప్లగ్ బోర్డుల) మీద పెద్దగా రాసి అతికించండి.

మన ఊళ్ళలో అసలు హంతకి న్యూట్రల్. మూడు ఫేజుల లైన్‌లో న్యూట్రల్ ఊడితే తక్కువ లోడున్న ఫేజు మీద వోల్టేజీ 300 దాటి పోతుంది. ఈ సప్లైలు తట్టుకునేది 264 దాకా. ఏ వైపు యూపీఎస్ అడ్డుపడుతుంది, రా పవర్ వైపు అడ్డు ఎవరూ లేరు. ఎస్‌పీడీ (సర్జ్ ప్రొటెక్టర్) పెట్టాం కదా అంటారు. ఎస్‌పీడీ క్షణకాలపు సర్జ్‌కే, నిలబడిన ఓవర్ వోల్టేజీకి కాదు, అలాంటప్పుడు అదే కాలిపోతుంది. ఓవర్ వోల్టేజీ రిలే వేరేగా పెట్టాలి, ధర ఒక మాడ్యూల్ ధరలో మూలకి రాదు.

సాకెట్‌లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటర్ పెట్టి చూడండి, లోడ్ మీద 2, 3 వోల్టులు దాటకూడదు. ఛాసిస్ గ్రౌండ్ లగ్‌ని ర్యాక్ ఎర్త్ బార్‌కి విడిగా వైరు వేసి బిగించండి. రెండు కార్డులూ తీసిన క్షణంలో కూడా ఛాసిస్‌కి ఎర్త్ ఉండాలంటే అదొక్కటే దారి.

ర్యాక్ మొత్తానికి ఒకే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (ఎర్త్ లీకేజీకి పడిపోయే బ్రేకర్) పెట్టొద్దు. ఒక్కో సప్లైకి లీకేజీ హద్దు 3.5 మిల్లీఆంపులు, నిజంగా అంతకన్నా తక్కువే ఉంటుంది. కానీ ఆర్‌సీసీబీ 15 దాటితే ఎప్పుడైనా పడిపోవచ్చు, సప్లైలు చేరేకొద్దీ ఆ మొత్తం పెరుగుతుంది. అప్పుడు ఏ తప్పూ లేకుండానే అర్ధరాత్రి ట్రిప్.

కార్డ్ విషయం: ఇన్‌లెట్‌లో చిన్న మిట్ట ఉంటే అది సీ16. మామూలు సీ13 కార్డ్ దూరదు, గాడి ఉన్న సీ15 కావాలి. చెక్కి దూర్చే పని చెయ్యొద్దు, అది వేడి తట్టుకోవడానికి పెట్టిన తేడా.

మైనస్48

ఏసీ సంగతే మాట్లాడుతున్నారు గానీ, డీసీ సప్లైకి ఈ "కార్డ్ పీకేయ్" పద్ధతి పనికిరాదు. 715 వాట్ల డీసీ మాడ్యూల్ 48 వోల్టుల దగ్గర 16.5 ఆంపులు, 40 దాకా పడితే 20 ఆంపులు లాగుతుంది. ముందు బ్రేకర్ ఆఫ్, దానికి తాళం, ట్యాగ్. టర్మినల్స్ దగ్గర మీటర్‌తో సున్నా చూశాకే ముట్టుకోవాలి. బిగించేటప్పుడు ఎర్త్, తర్వాత రిటర్న్, ఆఖర్న మైనస్ 48. విప్పేటప్పుడు తిరగేసి. బ్రేకర్ డీసీ రేటింగ్‌ది కావాలి. ఏసీలో కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి ఆర్క్ ఆరిపోతుంది, డీసీలో ఆరదు.

బర్గండీ_హ్యాండిల్

తర్వాత ఎవరైనా నెక్సస్ (సిస్కో డేటా సెంటర్ స్విచ్‌లు) కోసం ఇదే వెతుక్కుంటూ వస్తారు కాబట్టి: అక్కడ గాలి దిశ చూడాలి. బర్గండీ రంగు హ్యాండిల్ అంటే గాలి పోర్టుల వైపు నుంచి లోపలికి, నీలం అంటే పోర్టుల వైపు బయటికి. సప్లైలూ ఫ్యాన్లూ అన్నీ ఒకే రంగులో ఉండాలి. కలిపితే ఒకటి పీల్చింది ఇంకోటి అడ్డుకుంటుంది, టెంపరేచర్ అలారం మొదలు. ఏ బాక్స్‌లోనైనా చచ్చిన మాడ్యూల్‌ని కొత్తది చేతికొచ్చేదాకా స్లాట్‌లోనే ఉంచండి. ఖాళీ బొక్క కన్నా అదే నయం, గాలి దారి తప్పదు.

ఫ్లోర్‌స్విచ్_3

అందరికీ థాంక్స్. మూడు యాక్సెస్ పాయింట్లు పక్క స్విచ్‌కి మారుస్తున్నాం, యూపీఎస్ 2 కేవీఏకి ఇండెంట్ పెట్టాం. పెట్టాక టెస్ట్ ఎలా? మాడ్యూల్ లాగి చూడాలా?

వాట్_లెక్క

మాడ్యూల్ లాగొద్దు, ఎంసీబీ దించండి. నిజంగా జరిగేది అదే, పైగా యూపీఎస్ కూడా పరీక్షకి వస్తుంది. ముందు "షో పవర్ ఇన్‌లైన్" కొట్టి యూజ్డ్ అంకె రాసుకోండి. బీ ఎంసీబీ దించి పది నిమిషాలు ఆగండి, మళ్ళీ అదే కమాండ్. అంకె తగ్గిందంటే ఏదో పోర్టు కోతకి గురైంది. తిరిగి ఎత్తాక 1బీ ఓకే వచ్చిందని చూసుకున్నాకే ఏ వైపు వెళ్ళండి. అక్కడ ముందు యూపీఎస్ ఇన్‌పుట్ ఎంసీబీ దించి బ్యాటరీ మీద ఎంతసేపు నిలుస్తుందో చూడండి, అది తిరిగి ఎత్తాక యూపీఎస్ అవుట్‌పుట్ ఆఫ్. ఆఫీసు లేని శనివారం సాయంత్రం పెట్టుకోండి. కార్డుల రెండు చివర్లా ఏ, బీ లేబుళ్ళు ఆరోజే వేసేయండి. ఒకటి చచ్చాక, బతికున్న రెండోదాన్ని పీకడం ఈ పనిలో అన్నిటికన్నా మామూలు తప్పు.