ఇంట్లో ఇన్వర్టర్ ఉండగా కారు బ్యాటరీకి వేరే చార్జర్ కొనాలా?

పటమట, విజయవాడ:
మా కారు ఎక్కువగా సెల్లార్‌లోనే ఉంటుంది. పెళ్లికో పేరంటానికో తీస్తాం. నిన్న తాళం తిప్పితే టిక్ టిక్‌మని ఆగిపోయింది. బ్యాటరీ 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే అందులో పట్టే కరెంటు కొలత). చార్జర్ కొనమని బావగారు, వారానికోసారి పది నిమిషాలు ఇంజన్ ఆన్ చేస్తే చాలని పక్కింటాయన. ఏది నిజం?

బ్రాడీపేట, గుంటూరు:
చార్జర్ దండగ సర్. ఇన్వర్టర్ కూడా 12 వోల్టులదే కదా. దాని వైర్లు విప్పి కారు బ్యాటరీకి తగిలించండి. నేనెప్పుడూ అంతే.

ఆటోనగర్, విజయవాడ:
అన్నా, వోల్టులు ఒకటైనంత మాత్రాన సరిపోదు. ఇన్వర్టర్ 150 ఏహెచ్ బ్యాటరీని దృష్టిలో పెట్టుకుని పది, పదిహేను ఆంపియర్లు తోస్తుంది. కారు బ్యాటరీకి ఏహెచ్‌లో పదో వంతు మంచిది, అంటే 35కి మూడున్నర. అంతకన్నా భయపెట్టేది ఇంకోటి ఉంది. మధ్యలో కరెంటు పోతే? ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఆ చిన్న బ్యాటరీ మీద పడతాయి. సెల్ఫ్ కొట్టడానికి చేసిన పలచటి ప్లేట్లు అవి. పూర్తిగా దిగిపోతే మళ్లీ కోలుకోవడం కష్టం.

పటమట సర్, పది నిమిషాల ఐడిలింగ్‌తో బ్యాటరీ నిండదు. సీసం బ్యాటరీ చివరి భాగం నిదానంగా తీసుకుంటుంది, గంటలు పడుతుంది. ఆగి ఉన్న కారులో కూడా అలారం, సెంట్రల్ లాక్, గడియారం కరెంటు తాగుతూనే ఉంటాయి. 30 మిల్లీ ఆంపియర్లే అనుకోండి, నెలకు 21 ఏహెచ్ దాటుతుంది. మీ బ్యాటరీలో సగానికి పైగా ఖాళీ! అలా దిగిన బ్యాటరీని వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. నాలుగు ఆంపియర్ల ఆటోమేటిక్ చార్జర్ తీసుకోండి. నిండగానే కరెంటు అదే తగ్గించేస్తుంది. సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే ఆగి మళ్లీ స్టార్టయ్యే స్టార్ట్-స్టాప్ కారైతే దానికి తగిన మోడ్ ఉందో లేదో చూసుకోండి.

బ్రాడీపేట, గుంటూరు:
కరెంటు పోయే సంగతి ఒప్పుకుంటాను, అది నాకు తట్టలేదు. కానీ పది ఆంపియర్లకు కొంప మునగదు. షాపుల్లో ఎక్కువ కరెంటుతో త్వరగా ఎక్కించే బూస్ట్ చార్జ్ పెట్టడం లేదా?

ఆటోనగర్, విజయవాడ:
పెడతారు, పక్కన మనిషి ఉంటాడు. చెయ్యి పెట్టి చూస్తాడు, వేడెక్కితే ఆపేస్తాడు. మనం రాత్రి తగిలించి పడుకుంటాం. మన ఎండాకాలం వేడికి ఇది తోడైతే లోపల నీళ్లు ఆవిరవుతాయి. సీల్డ్ బ్యాటరీలో మళ్లీ పోయలేం. మూతలున్న రకమైతే డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఏసీ నుంచి కారే నీళ్లు పోసేవాళ్లు ఉన్నారు, దయచేసి వద్దు. దుమ్ము, లోహపు మలినాలు అందులో కలుస్తాయి.

ఇంకో మాట. క్లిప్పులు పెట్టాకే స్విచ్ వేయండి, స్విచ్ ఆపాకే తీయండి. చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, నిప్పురవ్వ చాలు. సెల్లార్‌లో గాలి ఆడాలి.

పటమట సర్, ముందు షాపులో ఒకసారి నిండా చార్జ్ పెట్టించండి. రాత్రంతా వదిలేసి పొద్దున్నే మల్టీమీటర్ పెట్టి చూడండి. 12.6 వోల్టుల దగ్గర నిలిస్తే చార్జర్ కొనండి. 12.4 కన్నా దిగితే బ్యాటరీ లోపలి సెల్ ఒకటి పోయి ఉండొచ్చు, లోడ్ టెస్ట్ (కరెంటు లాగి బ్యాటరీ తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష) చేయించాకే డబ్బు ఖర్చు పెట్టండి.