కౌలు చేసేటోళ్లకు రైతు భరోసా ఎవరికన్న పడ్డదా?

నల్గొండ_పోరడు
మా నాయిన ఆరెకరాలు కౌలుకు చేస్తడు, పట్టాదారు హైదరాబాద్‌ల ఉంటడు. 2018ల చెక్కులిచ్చిన కాన్నుంచి చూస్తున్న, రైతుబంధు పోయి రైతు భరోసా అయింది, ఎకరాకు ఏడాదికి 12 వేలైంది, పడేది మాత్రం ఆయన ఖాతాలనే. మాకు సొంతంగ 10 గుంటలుంటే దానికి సీజన్‌కు 1500 వస్తయి. పోనీ ఆత్మీయ భరోసా అన్న వస్తదేమో అనుకుంటే, అది భూమి లేని కూలీలకేనట, ఆ 10 గుంటలు అడ్డమొచ్చె. ఎలక్షన్లప్పుడు కౌలు రైతులకు గూడ 15 వేలన్నరు గదా, మీ దిక్కు ఎవరికన్న వచ్చినయా?

జనగామ_బిడ్డ
ఎవ్వలకు రాలే అన్నా. మా ఊర్లయితే రైతుబంధు వచ్చినంక కౌలు ఉల్టా పెరిగింది. పడావు పెట్టినా పైసలు పడుతుండె గదా, ఇంక ఓనరుకు గరజేముంటది, ఇంతకు చేస్తే చెయ్ లేకుంటే ఇడిసిపెట్టు అంటడు. కాయితం రాసియ్యమంటే అస్సలు రాయడు, రాస్తే రేపు రక్షిత కౌలుదారు, అంటే చట్టం ప్రకారం భూమి మీద హక్కున్నోడు అని భూమి మీదికొస్తరని భయం. ధరణి, అదే భూముల రికార్డుల పోర్టల్, వచ్చినంక పహాణీల అనుభవదారు కాలమే తీసేసిన్రు, ఇంక ఎవరు దున్నుతున్నరో సర్కారుకు ఎట్ల తెలుస్తది?

తెనాలి_శీను
మా ఆంధ్రా వైపు కౌలు రైతులకి కార్డులు ఉన్నాయండి, సీసీఆర్సీ (పంట సాగుదారు హక్కు పత్రం) అని, 2019 చట్టం, 11 నెలలకిస్తారు. దానికీ ఓనరు సంతకం కావాలి, అక్కడే ఆగిపోద్ది. సంతకం పెడితే బ్యాంకులో తన క్రాప్ లోన్‌కి ఇబ్బందని పెట్టరు. జగన్ టైంలో మా దగ్గర రైతు భరోసా అని ఏటా ఇచ్చిన 13,500 కూడా కౌలుదార్లలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకే ఇచ్చారు, ఓసీ అయితే సెంటు భూమి లేకపోయినా రాలేదు.

డాలస్_బాబు
నేను అటు పట్టాదారుని బ్రదర్, తిట్టుకోకండి 🙂 నాన్న పోయాక పొలం నా పేరుకొచ్చింది, రైతుబంధు పడేది. పీఎం కిసాన్‌లో ఐటీ కట్టేవాళ్ళని తీసేస్తారు, రైతుబంధులో ఆ వడపోత లేదు, ఎన్నెకరాలకైనా ఇచ్చారు. ఇక్కడ టెక్సాస్‌లో రూల్ వేరే, భూమిని నగదు కౌలుకిస్తే పంట రిస్క్ కౌలుదారుదే కాబట్టి ఏఆర్‌సీ, పీఎల్‌సీ లాంటి పేమెంట్లు (రాబడో ధరో పడిపోతే గవర్నమెంట్ ఇచ్చేవి) కూడా అతనికే, ఓనరుకి రావు. పంటలో వాటా తీసుకుంటేనే ఓనరుకీ భాగం. అయినా ఓనర్లు కౌలు పెంచి కొంత లాగేస్తారనుకోండి, అది ఎక్కడైనా ఉండేదే. ఏ కౌంటీలో ఎవరికెంత వచ్చిందో ఈడబ్ల్యూజీ అనే స్వచ్ఛంద సంస్థ సైట్‌లో పేర్లతో సహా చూడొచ్చు.

జనగామ_బిడ్డ
పేర్లదేముంది అన్నా, పీఎం కిసాన్ లిస్టు గూడ ఊరువారీగ దొరుకుతది. ఆ లిస్టుల దున్నేటోని పేరు ఉండాలె గదా. మీరు మీ కౌలు రైతుకు కాయితం రాసిచ్చిన్రా మరి?

డాలస్_బాబు
రాసిస్తా అంటే మా బాబాయి ఒప్పుకోవట్లేదు. కౌలులో మాత్రం తగ్గించాను.

నల్గొండ_పోరడు
తగ్గించిన్రు, అదే పెద్ద సంగతి. మాకు వడ్లు అమ్మేటప్పుడు గూడ లొల్లే, సెంటర్ల పట్టాదారు ఫోన్‌కు ఓటీపీ పోతది, ఆయన మీటింగ్‌ల ఉంటే మేం కాంటా కాడ కూసోవాలె. పైసలు ఆయనకు పడ్డంక అడిగి తెచ్చుకోవాలె. రైతుబీమా 5 లక్షలు గూడ పట్టా ఉన్నోళ్లకే. మా 10 గుంటల మీద నాయినకు బీమా ఉంది, 59 దాటితే అదీ పోతది. శీనన్నా, ఆ కార్డుతోని మీకు బ్యాంకుల లోన్ ఏమన్న ఇస్తున్నరా?

తెనాలి_శీను
ఇస్తామంటారండి. ఆ సర్వే నంబరు మీద ఓనరు ముందే తీసుకునుంటే మాత్రం ఇవ్వరు, ఎక్కువ మంది తీసుకునే ఉంటారు.