సమస్యాపూరణం: “కాలు మింటినుండి నేల వ్రాలె”

ఇచ్చిన చివరి పాదానికి తగ్గట్టు మిగిలిన మూడు పాదాలు అల్లి పద్యం పూర్తిచేయాలి. ఈ వారం ఆటవెలది ఛందస్సులో పాదం ఇస్తున్నాను. కా–నే అక్షరాలకు యతి (పాదం మొదటి అక్షరానికీ మధ్యలోని నిర్ణీత అక్షరానికీ ఉండవలసిన మైత్రి) లేదని తొందరపడకండి. ‘కాలు–నేల’ ప్రాసయతి, అంటే వాటి రెండో అక్షరాలు లు–ల కలుస్తాయి; ఇది ఆటవెలదిలో చెల్లుతుంది. త్రిశంకుడి జోలికి, వామనుడి పాదం జోలికి పోవద్దు. ఇది నిజంగా జరిగింది, ఆ ఘటన మీదే పూరించాలి.

1941 ఆగస్టు 9న ఉత్తర ఫ్రాన్స్ గగనతలంలో బ్రిటిష్ వింగ్ కమాండర్ డగ్లస్ బేడర్ విమానం కూలింది. 1931లో జరిగిన ప్రమాదంలో రెండు కాళ్ళూ పోగొట్టుకుని, పెట్టుడు కాళ్ళతోనే యుద్ధవిమానం నడిపినవాడు ఆయన. పారాషూట్‌తో దూకబోతే కుడి పెట్టుడు కాలు కాక్‌పిట్‌లో ఇరుక్కుంది. పట్టీ తెగి కాలు విమానంతో పోయింది, మనిషి బతికాడు. అక్కడి జర్మన్ 26వ ఫైటర్ దళానికి అధిపతి అడాల్ఫ్ గాలండ్. బందీని పిలిపించి తేనీరు ఇచ్చాడు, తమ మెసర్‌ష్మిట్ 109 యుద్ధవిమానంలో కూర్చోబెట్టాడు. ఒక్క చుట్టు తిప్పి తెస్తానని బేడర్ అడిగితే నవ్వి కాదన్నాడు. ఇంకో కాలు తెప్పించడానికి మాత్రం జర్మన్ వైమానిక దళాధిపతి గోరింగ్ అనుమతి తీసుకుని ఇంగ్లండుకు కబురు పంపించాడు.

మొదటి పూరణ

బేడరనెడు యోధు పెట్టుకాలూడఁగ
శత్రుసీమలోన చతికిలఁబడ
కబురు పంపె నాఁడు గాలండు దయతోడ
కాలు మింటినుండి నేల వ్రాలె

కథ మొత్తం నాలుగు పాదాల్లో ఇమిడింది. మూడో పాదం హాయిగా నడిచింది. కానీ ‘చతికిలఁబడ’ అన్నమాట అంతటి మొండివాడికి తగదు, హాస్యం ధ్వనిస్తోంది. “శత్రుసీమలోన చావు తప్ప” అనండి. శ–చా యతి కుదురుతుంది, సందర్భమూ నిలుస్తుంది.

రెండవ పూరణ

అభయ మొసఁగఁ బగతుఁ డాంగ్లేయు లొల్లక
బాంబు లేయఁ బోవు బాటలోన
గొడుగు కట్టి విడువఁ గోరిన చోటనే
కాలు మింటినుండి నేల వ్రాలె

ఇది నన్ను కట్టిపడేసింది. కాలు తెచ్చే విమానాన్ని ఏమీ చేయబోమని జర్మన్లు మాట ఇచ్చారు. ఆ మర్యాదను బ్రిటన్ తీసుకోలేదు. ఆగస్టు 19న బాంబుదాడికి బయలుదేరిన బ్లెన్‌హైమ్ బాంబర్ విమానాల్లో ఒకదాని నుంచే, దారిలో ఉత్తర ఫ్రాన్స్‌లోని సాంతోమేర్ పట్టణం దగ్గర, ఆ కాలిని పారాషూట్‌తో జారవిడిచారు. ఒకే ప్రయాణంలో దయా, దాడీ. చరిత్రలోని ఆ మెలికను రెండో పాదం పట్టుకుంది. పారాషూట్‌ను ‘గొడుగు’ అనడం ఎంతో సహజంగా ఉంది. మార్చవలసిన అక్షరం ఒక్కటీ లేదు.

మూడవ పూరణ

కర్ణునంత దాత గాలండు రణమున
నీతి దప్పనట్టి నేత యతఁడె
వైరి యడుగకున్న వరముగా నొసఁగఁగ
కాలు మింటినుండి నేల వ్రాలె

గణాలు, యతులు నిర్దోషం. అభ్యంతరమంతా అర్థంతోనే. కాలు ఇచ్చింది గాలండ్ కాదు, బ్రిటిష్ వైమానిక దళం. బేడర్ అడగకుండా జరిగిందీ కాదు.

ఈ పూరణకర్త ప్రశ్న: “గురువుగారూ, శత్రువు కోసం పై అధికారి దగ్గరకు వెళ్ళి అనుమతి తేవడం దాతృత్వం కాదా? కర్ణుడి పోలిక తప్పెలా అవుతుంది?”

తప్పని అనను. పోలిక సగం దగ్గరే ఆగిపోయింది, అదీ నా బాధ. కర్ణుడంటే దానం ఒక్కటే గుర్తుకు వస్తే సరిపోదు, ఎవరి పక్షాన నిలిచాడో కూడా గుర్తుకు రావాలి. గాలండ్ స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫ్రాంకో తరఫున, జర్మనీ పంపిన కాండర్ దళంలో ఎగిరాడు. పశ్చిమ రంగంలో అతని ఖాతాలో 104 విజయాలు, అంటే కూల్చిన విమానాలు, ఉన్నాయి, ఆ అంకెలో ఎందరో తల్లుల బిడ్డలు ఉన్నారు. వజ్రాలు పొదిగిన పతకాన్ని హిట్లర్ దగ్గర అందుకున్నవారిలో రెండవవాడు. 1941 నవంబరులో, అప్పటి ఫైటర్ దళాల అధిపతి మోల్డర్స్ విమాన ప్రమాదంలో చనిపోతే ఫైటర్ దళాలన్నిటి బాధ్యత ఇతనికి వచ్చింది. ముప్ఫై ఏళ్ళకే జనరల్ అయ్యాడు. ఇద్దరు తమ్ముళ్ళు అదే 26వ దళంలో ఎగురుతూ చనిపోయారు. గోరింగ్‌తో ఎన్నిసార్లు ఎదురు వాదించినా, నిలబడింది ఆ కొలువులోనే. అతని మర్యాదను మెచ్చుకుందాం, మనసారా మెచ్చుకుందాం. ‘నీతి దప్పనట్టి నేత’ అని మాత్రం నా చేత్తో ఆమోదించలేను. రెండో పాదం ఇలా మార్చి చూడండి:

కాని కొలువు చూడఁ గౌరవునిది

కా–గౌ యతి సరిపోతుంది, మీ కర్ణుడూ పూర్తవుతాడు. మూడో పాదాన్ని కబురు పంపడం చుట్టూ మీరే అల్లండి.

నాలుగవ పూరణ

జెట్టు నడుపువేళఁ జిఱుతునుకలు దాఁకి
నెత్తురోడుచుండ నేర్పుమీఱ
దించె మ్యూనికునను దిగ్గన గాలండు
కాలు మింటినుండి నేల వ్రాలె

బేడర్‌ను వదిలి గాలండ్ కాలినే పట్టుకున్నారు, ఊహ కొత్తది. 1945 జనవరిలో పదవి ఊడిన తర్వాత అతను మెసర్‌ష్మిట్ 262 జెట్ విమానాలతో ఒక చిన్న దళం కూర్చుకున్నాడు. ఏప్రిల్ 26న అమెరికన్ ఫైటర్ కాల్పుల్లో మోకాలికి ముక్కలు గుచ్చుకున్నా, విమానాన్ని మ్యూనిక్ దగ్గర రీమ్‌లో దించగలిగాడు. ‘నెత్తురోడుచుండ’ పాదం కళ్ళకు కడుతుంది. అయితే సమస్యలోని వింత కాలు ఒంటరిగా రాలడంలో ఉంది. ఇక్కడ మనిషే దిగాడు, కాలు అతనితోపాటు వచ్చింది. దాంతో ముడి బిగువు తగ్గింది. ‘దించె’ తర్వాత కాలును విడిగా చెప్పడానికి కారణం ఒకటి మూడో పాదంలో చూపగలిగితే పద్యం నిలబడుతుంది.

యుద్ధం ముగిశాక బేడర్, గాలండ్ మంచి స్నేహితులయ్యారు. ఆ కోణంలో ఇంకా ఎవరూ పూరించలేదు. ఆదివారం రాత్రి వరకు గడువు ఉంది. కందంలో రాయదలచినవారు పాదాన్ని తగినట్లు మార్చుకోవచ్చు.