అప్‌డేట్: వెల్లకిలా పడుకుంటే కుడి భుజం నేలకు ఆనడం లేదన్న నా పాత ప్రశ్న

నేల మీద పడుకుంటే కుడి భుజం పైకి లేచి ఉంటోంది, నడుము కింద చెయ్యి దూరేంత ఖాళీ ఉంటోంది, ఏం చేయాలని మూడు నెలల కిందట అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడు చాలావరకు తగ్గింది.

మీలో ఒకరు చెప్పిన, మెల్లగా కదులుతూ ఒంటిని గమనించుకునే ఫెల్డెన్‌క్రైస్ పద్ధతిలోని పెల్విక్ క్లాక్ అనే వ్యాయామం పనిచేసింది. మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించి పడుకుని, కటి కింద గడియారం ఉందనుకోవాలి. బొడ్డు వైపు 12, కాళ్ల వైపు 6. బరువును ఆ రెండింటి మధ్య మెల్లగా దొర్లించాలి. కొన్నాళ్లకు 3, 9, ఆ తర్వాత చుట్టూ. మొదట్లో పొట్ట బిగించి, ఊపిరి బిగబట్టి చేసేదాన్ని, ఏమీ తెలిసేది కాదు. కదలికను సగానికి తగ్గించి, మధ్యమధ్యలో ఆగి వీపు ఎక్కడ ఆనుతోందో గమనించాకే ఒకవైపు 4, 5 అంకెలను దాటేస్తున్నానని అర్థమైంది. ఆ క్షణం నాకు చాలా సంతోషం వేసింది.

ఫిజియోథెరపిస్ట్ భుజం కీలులో లోపమేమీ లేదన్నారు. ఛాతీ ముందు కండరాలు బిగుసుకున్నాయట. పక్కకు తిరిగి పడుకుని భుజాన్ని చెవి వైపు, తుంటి వైపు, ముందుకు, వెనక్కి కొద్దికొద్దిగా జరపమన్నారు. కటి కదలికల తర్వాత ఇది చేస్తే భుజం తేలిగ్గా వదులవుతోంది.

పరుపు మార్చడం వల్ల తేడా రాలేదు. గట్టిగా సాగదీసే స్ట్రెచింగ్‌తో మర్నాడు ఇంకా బిగుసుకునేది, మానేశాను. తిమ్మిర్లు, చేతిలోకి పాకే నొప్పి ఉన్నవాళ్లు మాత్రం ముందు డాక్టర్‌కు చూపించుకోండి.