స్ప్రింక్లర్ లైన్‌లో వాల్వ్ కారుతోంది, నేనే మార్చుకోవచ్చా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. ఎకరన్నర మొక్కజొన్నకి స్ప్రింక్లర్లు పెట్టాం. గట్టు పక్కనున్న బాల్ వాల్వ్ హ్యాండిల్ దగ్గర మొదట్లో చుక్కచుక్కగా కారేది, ఇప్పుడు మోటార్ వేస్తే చాలు జిమ్ముతోంది, చివరి స్ప్రింక్లర్లు సరిగ్గా తిరగట్లేదు. ప్లంబర్ ఇదిగో అదిగో అని వారం గడిపేశాడు. నేనే పాతపట్నం వెళ్లి రెండించుల వాల్వ్ తెచ్చాను, తీరా చూస్తే పైపు అందులో దూరట్లేదు. పైపు కొస మంట మీద వేడి చేసి దూర్చేయనా?

జవాబు 1: వద్దు అన్నా. మనం రెండించులు అని పిలిచే పొలం పైపు నిజానికి 63 ఎం.ఎం. ఇళ్లకి వాడే రెండించుల పైపు బయటి కొలత 60.3. నీకు ఇళ్ల వాల్వ్ అంటగట్టినట్టున్నారు. టేపుతో పైపు చుట్టూ కొలిచి చూడు, 19.8 సెంటీమీటర్లు వస్తే 63, దాదాపు 19 వస్తే ఇళ్లది. వేడి చేసి సాగదీసిన పైపు ప్రెజర్‌కి ఆగదు.

జవాబు 2: రెండు వైపులా పైపు భూమిలో పాతి ఉంటే అటూ ఇటూ జరగదు కదా, అందుకని యూనియన్ (మరతో బిగించే జాయింటు) ఉన్న వాల్వ్ తీసుకోండి, మళ్లీ పాడైతే కోయకుండా మర తిప్పి ఊడదీసుకోవచ్చు. పైపు కోసేటప్పుడు కొత్త వాల్వ్ ఎంత పొడవుంటే అంత ముక్కా కోసెయ్యకండి, రెండు కొసలూ వాల్వ్ లోపలికి దూరే మేర పైపు మిగల్చాలి. నేను ఒకసారి అది మర్చిపోయి అదనంగా ముక్క అతికించుకున్నాను, ఖర్చు సరే, మా ఆవిడ నవ్వు ఇంకా ఆగలేదు. కోతకి ముందు లైను చివర మూత విప్పి నీళ్లన్నీ వదిలెయ్యండి. తడి ఉంటే పీవీసీ పైపులు అతికించే గమ్ పట్టదు. అంచు గరుకు కాగితంతో రుద్ది, గమ్ రెండు వైపులా రాసి, పావు వంతు తిప్పుతూ దూర్చి అర నిమిషం కదలకుండా పట్టుకోండి. ఆ రోజు మోటార్ జోలికి వెళ్లొద్దు.

జవాబు 3: డబ్బాలో గమ్ జిగురుగా గడ్డకట్టి ఉంటే పారెయ్, పెట్రోల్ కలిపి పలచన చెయ్యకు. వాల్వ్ మీద గోనె కప్పు, ఎండకి పీవీసీ పెళుసెక్కుతుంది.

అడిగినవాడు: కొలిచాను, 19.8 వచ్చింది! షాపతను గొణుగుతూనే మార్చి ఇచ్చాడు. నిన్న సాయంత్రం అతికించి ఇవాళ సాయంత్రం దాకా ఆగి, వాల్వ్ మెల్లగా తిప్పి మోటార్ వేశాను. చుక్క లేదు, చివరిది కూడా గిర్రున తిరుగుతోంది. గట్టు మీద బురదే ఇంకా ఆరలేదు.